నాలుగో అంచు

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు ఇరవై ఆరు మైళ్లు. ఉదయం ఏడుంబావుకు బయలుదేరే బస్సు, దారిలో ఇంజనుకు నీళ్లు పోయడానికి ఆగే సమయంతో కలిపి, గంటా యాభై నిమిషాలలో చేరుస్తుంది. 1956 మార్చిలో నేను ఆ బస్సులో తీసుకువెళ్లిన చిత్రం ఎత్తు ముప్పై అంగుళాలు, వెడల్పు ఇరవై నాలుగు. చట్రం మందం అంగుళంపావు. నాలుగు అంచుల మొత్తం పొడవు నూట ఎనిమిది అంగుళాలు. అందులో కింది అంచు ఇరవై నాలుగు. దానికి రంగు పూయడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది. ఆ రంగు ఆరడానికి, మధ్యలో ఒకసారి కొత్త కర్ర, కొత్త గుడ్డ వేసి మళ్లీ పూసిన కాలాన్ని కలుపుకొని, నాలుగు సంవత్సరాల రెండు నెలలు పట్టింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు నన్ను ముఖాల గురించి అడుగుతారు. కన్నులో వెలుగు చుక్క ఎక్కడ పెట్టాలి, పెదవికి ఏ ఎరుపు వాడాలి అంటారు. అవి ఎవరైనా నేర్పగలరు. అంచుల గురించి ఎవరూ అడగరు కనుక నేనే చెబుతున్నాను.

అంచుకు రంగు ఎందుకు

1953లో నేను మద్రాసులో చిత్రకళ చదువు ముగించి, నంద్యాలలో దేవదానం మేస్త్రీ పటాల కార్ఖానాలో చేరాను. చిన్న ఫోటో చూసి నూనె రంగులతో పెద్ద పటం వేయడం మా పని. మా పటాలకు చెక్క ఫ్రేము, అద్దం ఉండేవి కావు. పల్లె ఇళ్లలో ఫ్రేముకు చెద పట్టేది, అద్దానికి పొగ పట్టేది. అందువల్ల గుడ్డను చట్రం పక్కల మీదుగా వెనక్కి మడిచి, మేకులు వెనకవైపే కొట్టి, పక్క అంచులకు ముదురు గోధుమ రంగు పూసి ఇచ్చేవాళ్లం. ఆ రంగుతోనే పని పూర్తయినట్టు కనిపించేది.

పద్ధతి ఇది. ముఖం పూర్తిగా ఆరిన తరువాతే అంచు ముట్టుకోవాలి. మూలల్లో మడత అణిగి ఉండాలి. అంబర్ అనే మట్టి రంగులో అవిసె నూనె తక్కువగా, టర్పెంటైన్ కొంచెం ఎక్కువగా కలపాలి. కుంచెను ముఖం వైపు నుండి బయటికి లాగాలి, ఎన్నడూ బయటి నుండి లోపలికి కాదు. అంబర్ త్వరగా ఆరే రంగు. నంద్యాల ఎండలో నాలుగు రోజులు చాలు.

ముఖచిత్రాలలో బొమ్మను అంచు మీదికి కొనసాగించవద్దు. ఈ మాట నేను తప్పు చేసి నేర్చుకున్నాను. 1954లో, మహానంది దారిలోని ఒక పల్లెలో చనిపోయిన బడిపంతులు పటం వేస్తూ, ఆయన భుజాన్ని, చెవి నీడను కుడి అంచు మీదికి మళ్లించాను. మద్రాసులో దాన్ని గొప్ప నేర్పుగా చెప్పేవారు. పంతులుగారి తమ్ముడు ఎనిమిదో రోజున పటాన్ని గోనెసంచిలో చుట్టి వెనక్కి తెచ్చాడు.

"ఏందప్పా, రంగు పోయిందా?" అని మేస్త్రీ అడిగారు.

"రంగు బాగనే ఉండాది మేస్త్రీ. ఎదురుగా నిలబడితే మా యన్న ఊరకే ఉంటాడు. పక్క నుంచి సూస్తే తొంగి సూస్తాండాడు. అన్నం తినేదానికి కావడంల్యా."

మేస్త్రీ నా వైపు చూడకుండానే కుంచె అందించారు. నేను ఆ అంచును గోధుమ రంగుతో మూసివేశాను. అంచు అంటే గోడ. పటంలోని మనిషి అక్కడ ఆగిపోవాలి.

మేస్త్రీ లెక్క

దేవదానం మేస్త్రీ ఆర్డరు తీసుకునేటప్పుడు కొలత కంటే ముందు ఒక ప్రశ్న అడిగేవారు: "మూడా, నాలుగా?"

చనిపోయిన వారి పటానికి నాలుగు అంచులూ పూసేవారు. బతికి ఉన్నవారి పటానికి మూడే. కింది అంచు తెల్ల గుడ్డగానే మిగిలేది. పల్లెల్లో పటాన్ని దూలం దగ్గర, ఎత్తుగా తగిలిస్తారు. నేల మీద కూర్చున్నవారికి మొదట కనబడేది కింది అంచే. కనుక ఇంట్లోకి వచ్చిన కొత్తవారెవరైనా అడగకుండానే తెలుసుకునేవారు, ఆ మనిషి ఉన్నాడా, పోయాడా అని. మనిషి పోయినప్పుడు కబురు వచ్చేది. మేస్త్రీ చిన్న డబ్బాలో రంగు, ఒక కుంచె తీసుకుని వెళ్లి, నాలుగో అంచు మూసి వచ్చేవారు. ఆ రంగు ఆరిన తరువాతే పటానికి పూలమాల వేసేవారు.

నాకు ఇది నచ్చేది కాదు. "మూడు అంచులు పూసి నాలుగోది వదిలేయడం, చొక్కాకు ఒక చెయ్యి కుట్టి ఇచ్చినట్టుంది మేస్త్రీ" అన్నాను ఒకసారి.

"తొడుక్కునేటోడు బతికుండాడు గదప్పా. తొందరేముండాది, రెండోది నిదానంగా కుట్టుకుంటాడు."

"మీరు ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. ఈ నమ్మకం మీకెందుకు?"

"నమ్మకం నాది గాదు. పటం తగిలించేది నా గోడకా, వాళ్ల గోడకా?"

ఈ జవాబును నేను జవాబుగా తీసుకోలేదు. అది నా మొదటి తప్పు.

ఆళ్లగడ్డ ఆర్డరు

1956 ఫిబ్రవరి చివరలో మేస్త్రీ జ్వరంతో కర్నూలు ఆసుపత్రిలో చేరారు. ఆ రోజుల్లోనే ఆళ్లగడ్డ నుండి తిమ్మారెడ్డి అనే రైతు వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, మాట తక్కువ. తమ్ముడు మద్దిలేటిరెడ్డి పెళ్లిఫోటో ఇచ్చి, పటం కావాలన్నాడు.

నేను కొలత అడిగాను, గడువు అడిగాను. మూడా, నాలుగా అని అడగలేదు. "పని పూర్తిగా చెయ్యి మేస్త్రీ, అరకొరగా వద్దు" అని మాత్రం ఆయన అన్నాడు. అది నా మనసులోని మాటే కనుక సంతోషంగా నాలుగు అంచులూ పూశాను. పక్క అంచులు, పై అంచు ఒక పూటలో, ఒకే గిన్నెలోని రంగుతో. కింది అంచు చివర, ఉదయం పది దాటిన తరువాత, అదే గిన్నెతో, అదే కుంచెతో.

తొమ్మిది రోజుల తరువాత పటాన్ని గుడ్డలో చుట్టి బస్సెక్కాను. ఆ ఇంటికి చేరాక గాని నాకు సంగతి తెలియలేదు. మద్దిలేటిరెడ్డి చనిపోలేదు. చనిపోయాడో లేదో ఎవరికీ తెలియదు. 1949లో ఎద్దులు కొనడానికి నల్లమల దాటి గిద్దలూరు వైపు వెళ్లాడు. తిరిగి రాలేదు. ఏడేళ్లు నిండాయి కనుక దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించాలని అన్న పట్టు. మద్దిలేటిరెడ్డి భార్య ఈశ్వరమ్మ ఒప్పుకోలేదు. కర్మ జరిగితే ఆమె బొట్టు తీస్తారు, గాజులు పగలగొడతారు, ఇంట్లో ఆమె చోటు పోతుంది. ఆమెను తీసుకుపోవడానికి పగిడ్యాలలోని పుట్టింటివారు అప్పటికే బండి కట్టుకుని రెండుసార్లు వచ్చి వెళ్లారట.

నేను పటం పైకెత్తాను. ఈశ్వరమ్మ ముఖం చూడలేదు. నేల మీద కూర్చుని ఉన్నది, కింది అంచు చూసింది.

తిమ్మారెడ్డి నెమ్మదిగా అన్నాడు: "మేస్త్రీనే మూసినాడు. ఇంగ మనం అనేదేముండాది?"

ఆ మాటతో నేను చేసిన పని ఏమిటో నాకు అర్థమైంది. చెప్పబోయాను, అది మా పద్ధతిలో పొరపాటని. ఈశ్వరమ్మ అంతలో లేచి వచ్చి అంచు మీద వేలు పెట్టింది. వేలు తిప్పి నాకు చూపింది. గోధుమ రంగు అంటి ఉంది.

"అన్నా, ఇది ఆరలేదే."

నేను మిగిలిన మూడు అంచులూ తాకాను. గట్టిగా ఉన్నాయి. గోరు గుచ్చినా దిగలేదు. కింది అంచు ఆ నిమిషాన పూసినట్టు తడిగా ఉంది.

మూలన మంచం మీద ఆ అన్నదమ్ముల తల్లి ఓబుళమ్మ కూర్చుని ఉంది. రెండు కళ్లకూ పొర కమ్మి చూపు పోయిన ముసలామె. "ఏందీ, ఆరలేదా?" అన్నది.

"లేదత్తా. తడిగా ఉండాది."

"అయితే ఆరేదాంక ఆగల్ల. తడి పటానికి పూలమాల ఏస్తారా ఎవురన్నా? తిమ్మన్నా, ఇంటాండావా?"

"ఇంటాండా మా." తల్లి మాటకు ఆయన ఎదురు చెప్పలేదు. నాతో మాత్రం అన్నాడు: "మూడు నెల్లకొకసారి నువ్వే వచ్చి సూడల్ల మేస్త్రీ. ఆరిన పొద్దు నువ్వే చెప్పల్ల."

మేస్త్రీ ఆసుపత్రి నుండి వచ్చాక విషయం చెప్పాను. గీకివేసి తెల్ల గుడ్డ పెడతానన్నాను. ఆయన అన్నారు: "నువ్వు పూసింది రంగు గాదప్పా, తాఖీదు. తాఖీదు ఇచ్చినోడు ఊరకే చించేస్తే, రేపు మనం తెల్లగా వదిలినా ఎవురు నమ్ముతారు? పో. మూడు నెల్లకొకసారి పో. నీ తప్పు నువ్వే ముట్టుకుని సూడు." ఆ తరువాత నలభై రోజులు నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు.

ఆముదం

జూన్‌లో వెళ్లాను. ఇనుప తలుపు గొళ్లెం ముట్టుకుంటే చేయి కాలే ఎండ. అంచు తడిగా ఉంది. అదే మిశ్రమాన్ని నంద్యాలలో ఒక చెక్క మీద పూసి చూశాను. నాలుగో రోజున ఆరింది.

సెప్టెంబరులో మూడోసారి వెళ్లినప్పుడు అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. అవిసె నూనె వాసన కాదు, ఆముదం. ఆముదం ఆరే నూనె కాదు. రంగులో కలిస్తే రంగునూ ఆరనివ్వదు. భోజనం తరువాత అందరూ చేను వైపు వెళ్లారు. నేను అరుగు మీద ఉండిపోయాను. రెండుంబావుకు లోపల ముక్కాలిపీట జరిపిన చప్పుడు వినబడింది. తొంగి చూస్తే, ఓబుళమ్మ పీట ఎక్కి, ఎడమ చేత్తో పటం అంచు వెతుక్కుంటూ, కుడి చేతి గుడ్డముక్కతో ఒక చివర నుండి మరో చివరకు తుడుస్తోంది. చూపు లేని ఆ చేయి నా చేయి కంటే సూటిగా నడిచింది.

"ఎవురప్పా ఆడ? అంచుల మేస్త్రీవా?"

"నేనే అవ్వా."

"చెప్పులు ఈడ్చుకుంటా నడుస్తావ్, అందుకే తెలిసింది. చెప్తావా తిమ్మనికి?"

ఆమె మళ్లీ అంచు తుడవసాగింది.

"ఆముదం ఆరదు గదా నాయనా. నేనుండేదాంక ఆరదు."

సాయంత్రం తిమ్మారెడ్డి అడిగాడు: "ఆరిందా?" "ఆరలేదు" అన్నాను. అది నిజం. సగం నిజమని నాకు తెలుసు. పరీక్షించే మనిషి కంటితో చూసినదంతా చెప్పాలని నాకు నేర్పారు. ఈనాటికీ అదే సరైన నియమం అంటాను. నేను దాన్ని ఏడుసార్లు తప్పాను: ఆ రోజు, ఆ తరువాత వరుసగా ఆరు పరీక్షలలో. అందుకు చింతించడం లేదు. అయినా నా వద్ద పని నేర్చుకున్నవారెవరైనా అలా చేసి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

కొత్త కర్ర

1958 ఏప్రిల్‌లో ఓబుళమ్మ చనిపోయింది. జూన్‌లో తిమ్మారెడ్డి నన్ను పిలిపించాడు. అంచు ఇంకా తడిగానే ఉంది.

"మేస్త్రీ, మా యమ్మ చేతులు నాకు తెలియవా? గోడ మీద నూనె చారలు నాకు కనపడలేదనుకుంటివా? ఆమె ఉన్నన్నాళ్లు ఊరకుంటి. ఇప్పుడు సరిగ్గా చెయ్యి. నా ఎదురుగా."

ఆయన కోపంగా లేడు. ఈశ్వరమ్మ గడపకు ఆనుకుని నిలబడి చూస్తోంది. నేను చేయగలిగినంత శుద్ధంగా చేశాను. రెండేళ్ల ఆముదం కర్రలోకి ఇంకి ఉంటుంది కనుక చట్రం కింది కర్ర విప్పి పారేసి, వడ్లవాని దగ్గర కొత్త టేకు కర్ర చేయించాను. పాత గుడ్డ అంచు కోసి, కొత్త గుడ్డపట్టీ జిగురుతో అతికించాను. పది నలభైకి రంగు పూశాను. అదే గిన్నెలోని రంగు ఒక గాజు పట్టీ మీద పూసి నా పెట్టెలో పెట్టుకున్నాను. పటాన్ని గింజల గదిలో పెట్టాము. దానికి కిటికీ లేదు, ఒకటే తలుపు. తిమ్మారెడ్డి బీగం వేసి, బీగంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఈశ్వరమ్మ ఒక్క మాట అన్నది: "నాలుగు దినాలంటివి గదా అన్నా?"

"నాలుగు దినాలమ్మా."

నాలుగో రోజు నేను నంద్యాల నుండి మళ్లీ వచ్చాక, పదకొండు దాటి అయిదు నిమిషాలకు తలుపు తీశాము. బీగం వేసినట్టే ఉంది. గాజు పట్టీ మీద రంగు ఆరి గట్టిపడింది. అంచు మీద వేలు పెట్టాను.

తడి.

వాసన చూశాను. ఆముదం లేదు. అవిసె నూనె, టర్పెంటైన్, అంతే. ఇంకొకటి గమనించాను. అది ఇప్పటికీ నన్ను విడవదు. జొన్న పోసిన గది. పటం ముఖం మీద, మిగిలిన మూడు అంచుల మీద పొట్టుదుమ్ము సన్నగా పేరుకుని ఉంది. తడి రంగు దుమ్మును పట్టుకోవాలి. ఆ తడి అంచు మీద ఒక్క రేణువు కూడా లేదు. అప్పుడే ఎవరో శుభ్రమైన కుంచెతో లాగినట్టుంది.

తిమ్మారెడ్డి తానూ వేలు పెట్టాడు. వేలిని తలుపు వెలుతురులో పట్టుకుని చూశాడు.

"మా యమ్మ చచ్చిపోయింది గదా మేస్త్రీ?" అన్నాడు. నన్ను అడుగుతున్నాడు.

"అవును" అన్నాను.

ఆయన వేలు తుడుచుకోకుండానే బయటికి వెళ్లాడు. మళ్లీ రెండేళ్లు నాకు కబురు రాలేదు. కర్మ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదని విన్నాను.

దీనికి కారణం నాకు తెలియదు. గాలి, తేమ, నూనె, గుడ్డ, కర్ర, ఒక్కొక్కటి విడదీసి ఆలోచించాను. గాజు పట్టీ అన్నిటికీ అడ్డు వస్తుంది. తెలియని చోట తెలియదని రాయడం కూడా ఈ వృత్తిలో భాగమే.

ఈశ్వరమ్మ వచ్చిన రోజు

1960 మే నెలలో, ఉదయం తొమ్మిదిన్నరకు, ఈశ్వరమ్మ ఒంటరిగా కార్ఖానాకు వచ్చింది. అప్పటిదాకా ఆమెను ఆ ఇంటి గడప దాటి చూడలేదు. బొట్టు ఉంది, గాజులు ఉన్నాయి.

"అన్నా, ఆరిపోయింది."

"ఎప్పుడు?"

"నిన్న మాపటేళ తడి ఉండె. ఈ పొద్దు తెల్లారి ముట్టుకుంటే ఆరిపోయింది. ఎవురికీ చెప్పలేదు. బస్సెక్కి వచ్చినా."

దేవదానం మేస్త్రీ మంచినీళ్లు ఇచ్చారు. నాతో చిన్నగా అన్నారు: "పో అప్పా. డబ్బా, కుంచె వద్దు. ఊరక చెయ్యి తీసుకుని పో."

పన్నెండో ప్రయాణం అది. ఇంటికి చేరేసరికి తిమ్మారెడ్డి నడవాలో నిలబడి ఉన్నాడు. మరదలు చెప్పకుండా బస్సెక్కిందంటే ఎందుకో ఊహించాడు. నేను పటం వైపు అడుగు వేయగానే అడ్డం వచ్చాడు.

"ముట్టుకోవద్దు మేస్త్రీ. నువ్వు ముట్టుకుంటే అయిపోతాది."

"చూడమన్నది మీరే కదా."

"అప్పుడన్నా. ఇప్పుడు వద్దంటాండా." వంటింటి వైపు చేయి చూపాడు. గొంతు తగ్గింది. "ఆముదం ఉండాది ఇంట్లో. నేను పూస్తా. ఒగ చుక్క. ఎవురికి తెలుస్తాది?"

ఈశ్వరమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "వద్దు బావా. అత్త తన కొడుకు కోసరం పూసింది. నువ్వు ఎవురి కోసరం పూస్తావ్?"

"నీకు తెలుసునా?" అన్నాను. నా నోట ఏకవచనం వచ్చిందని తరువాత గమనించాను.

"పీట ఎక్కినప్పుడు పడకుండా పట్టుకునేది ఎవురనుకుంటివి? ఆముదం గిన్నెలో పోసిచ్చేది నేనే గదన్నా. నువ్వు సూసిన పొద్దు ఒక్కటే నేను చేనుకు పోయింటి." కొంచెం నవ్వింది. "ఆముదం పూసినన్నాళ్లు నాకు నమ్మకం ల్యా. ఊరక ఆట మాదిరి పూస్తాంటిమి. నువ్వు కర్ర మార్చి, బావ బీగమేసి, తీస్తే తడి ఉండె సూడు, ఆ పొద్దు నమ్మినా. యాడనో ఉండాడని. ఆ తడిని నమ్మినాక ఈ ఆరింది కూడా నమ్మల్ల గదా?"

తిమ్మారెడ్డి గోడ వైపు తిరిగాడు. "నువ్వు యాడికీ పోవద్దు మా. పగిడ్యాలకు గిగిడ్యాలకు ఎవురూ బండి కట్టరు. ఈడనే ఉండు." తనకంటే పదిహేనేళ్లు చిన్నదైన మరదలిని ఆయన, తల్లిని పిలిచినట్టు, మా అని పిలవడం ఆ ఇంట్లో మొదటిసారి విన్నాను.

"ఉంటాలే బావా. ముట్టుకో అన్నా."

నేను బొటనవేలితో అంచు నొక్కాను. ఒక చివర నుండి రెండో చివరకు, అంగుళం అంగుళం, ఇరవై నాలుగు చోట్ల. వేలికి ఏమీ అంటలేదు. గోరు దిగలేదు. రాయిలా ఆరి ఉంది. సమయం ఒంటిగంటా పది.

"ఆరింది" అన్నాను.

మద్దిలేటిరెడ్డి గురించి ఆ రోజు గాని, ఆ తరువాత గాని ఏ కబురూ రాలేదు.

ఆ పని మొత్తానికి అయినవి, పోయినవి ఇవి. ప్రయాణాలు పన్నెండు, ఆరువందల ఇరవై నాలుగు మైళ్లు. చట్రం కర్ర ఒకటి. గుడ్డపట్టీ ఒకటి, ఇరవై ఆరు అంగుళాలు. అంబర్ రంగు, రెండుసార్లకూ కలిపి, మూడు చెంచాలు. ఆముదం ఎంతో తెలియదు. మేస్త్రీ నాతో మాట్లాడని రోజులు నలభై. ఓబుళమ్మ. మద్దిలేటిరెడ్డి. ఈశ్వరమ్మ ఎదురుచూసిన సంవత్సరాలు పదకొండు. ఆమె గాజులు, ఎడమ చేతివి అయిదు, కుడి చేతివి అయిదు.